అవ్వ బొటనవేలు

కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో నరాల పరీక్షలు చేయడం నా ఉద్యోగం. మణికట్టు దగ్గర నరానికి చిన్న కరెంటు ఇస్తాను. ఆ సంకేతం కండరానికి చేరితే బొటనవేలు దానంతటదే ఎగురుతుంది, తెర మీద అల లేస్తుంది. మోచేతి దగ్గర మళ్లీ ఇచ్చి, రెండు చోట్ల మధ్య దూరాన్ని రెండు సమయాల తేడాతో భాగిస్తే నరం వేగం తెలుస్తుంది. ఒక్క నాడీకణానికి వెంట్రుక కన్నా సన్నని గాజుగొట్టం ఆనించి కరెంటు కొలిచే శాస్త్రవేత్తలు వేరే ఉన్నారు. మాది చర్మం పైనుంచి చేసే పని.

మెట్‌పల్లిలో ముప్పై ఏళ్లు బీడీలు చేసిన మా అవ్వకు వేళ్లు మొద్దుబారాయి. నాకు చెప్పలేదు. వేళ్లకు తగిలించుకున్న కత్తెర వేళ్లకే ఉందని తెలియక, ఒళ్లో చాటంతా వెతుకుతూ నాకు దొరికిపోయింది. కోపమొచ్చింది. రోజూ ఊరందరి చేతులూ చూసి, ఇంట్లో చెయ్యి చూడనందుకు నా మీదే ఎక్కువ వచ్చింది.

మర్నాడే బస్సెక్కించాను. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయింది, అందులో ఎంత ప్రాణముందో పరీక్ష చెప్తేనే ఆపరేషన్ సంగతి అన్నాడు డాక్టర్.

కరెంటిచ్చాను. బొటనవేలు వంగింది. నా ప్రాణం లేచొచ్చింది. తెర చూస్తే గీత చదునుగా ఉంది. తీగలు సరిచేసి, కరెంటు పెంచి మళ్లీ ఇచ్చాను. వేలు ఇంకా గట్టిగా వంగింది, గీత కదల్లేదు. మిషన్‌ను తిట్టుకుని నా మణికట్టు మీదే పెట్టి చూసుకున్నాను. నా వేలు ఎగిరింది, అల లేచింది.

అప్పుడు అర్థమైంది. నరం మోసే సంకేతం సెకనులో వందో వంతు గడిచేలోపే వేలికి చేరుతుంది. మనిషి కావాలని వేలు కదపడానికి దానికి పదింతలు పైనే పడుతుంది. అప్పటికి మిషన్ చూడడం మానేస్తుంది. చురుక్కుమనగానే అవ్వ తనే వేలు వంచుతోంది.

"నువ్వే ఆడిస్తున్నవా అవ్వా?"

"వేలు ఆడకపోతే కోస్తరట. బయట కూసున్నామె చెప్పింది. జర భయమైంది బిడ్డా."

అరుద్దామని నోరు తెరిచి ఏడ్చేశాను.

గీత లేవకపోయినా, ఒత్తిడి తీస్తే నరం కోలుకోవచ్చని ఆపరేషన్ చేశారు. వేలికి బలం తిరిగొస్తుందని డాక్టర్ మాటివ్వలేదు. ఎనిమిది నెలలు అవ్వను మిషన్ దగ్గరికి తీసుకురాలేదు, నాకే ధైర్యం చాల్లేదు. చివరికి కూర్చోబెట్టాను.

"ఈసారి ఏం చెయ్యకు. కండ్లు మూసుకో."

"ఏం జేస్తలేను, నువ్వు కానియ్యి."

మీట నొక్కాను. వేలు చిన్నగా ఎగిరింది. తెర మీద గీత కొంచెం ఉబ్బింది. నేను నోరు తెరిచేలోపే అవ్వ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

"నేను కాదు బిడ్డా! నీ మీద ఒట్టు, నేను ఆడియ్యలే!"