కంపౌండర్ మామ, మా ఆదివారం పిట్టలు

"ఈయాల మీ మామ పిట్టలకు రాడు బిడ్డా" అని పక్కింటి అత్త ఫోన్ చేసింది.

హోలీ ఇంకా రాలేదు. పొద్దుటి చలి కొంచెం మిగిలే ఉంది. ఆదివారం పిట్టలు చూడ్డానికి పోతాం కాబట్టి దారిలో తినడానికి అటుకులు డబ్బాలో సర్దుతున్నాను. ఒంట్లో బాగాలేదేమో అనుకొని, "జ్వరమొచ్చిందా అత్తా?" అని అడిగాను. "కాదు. లేపితే లేస్తలేడు" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు మరీ భయం వేసింది. నేనూ మా ఆయనా చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్లింటికి పరుగెత్తాం. మామ గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. బయటికి వేసుకుపోయే చొక్కా కుర్చీ మీద మడిచి ఉంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తర్వాత వచ్చిన డాక్టరు చెప్పాడు.

నవాగామ్‌లో మా సందులో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని కంపౌండర్ మామ అనే పిలిచేవాళ్లం. మా అందరి పెద్దల్లాగే ఆయనా సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికే సూరత్ వచ్చాడు. పవర్‌లూమ్ బెల్టు తెగి ఒకరి చెయ్యి విరగడం చూశాక మళ్లీ కార్ఖానాలో అడుగు పెట్టలేదట. చెయ్యి విరిగినవాణ్ణి తీసుకుపోయిన డాక్టరు దగ్గరే పనికి కుదిరి, కట్లు కడుతూ, సూదులు వేస్తూ అక్కడే తల నెరిపించుకున్నాడు.

నేను చూసిన మనుషుల్లో అంత భయస్తుడు లేడు. పోయినవాణ్ణి తక్కువ చేసి అంటున్న మాట కాదిది, ఆ మాట ఆయనే అందరికీ చెప్పుకునేవాడు. కుక్కలంటే భయం, అందుకే ఎండా వానా లేకుండా చేతిలో గొడుగు. లిఫ్టు అంటే భయం. రింగ్ రోడ్ దాటాలంటే పక్కన ఎవరుంటే వాళ్ల చెయ్యి పట్టుకునేవాడు. వాళ్లు కొత్తవాళ్లైనా సరే. తాపీ నదికి పెద్ద వరద వచ్చినప్పుడు పిల్లలతో డాబా మీద చిక్కుకుపోయాడు, అప్పటినుంచి నీళ్లంటే మరీ భయం. అలాంటి మనిషి మమ్మల్ని వారం వారం నీళ్ల ఒడ్డుకే తీసుకుపోయేవాడు. పిట్టలుండేది అక్కడే మరి.

ఆ పిట్టల అలవాటు మాకు మొదటి లాక్‌డౌన్‌లో అంటింది. నేను పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే. మగ్గాల చప్పుడు లేని పగలు ఒకటుంటుందని నాకు తెలియదు. ఒకరోజు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి రోగం కంటే ఎక్కువ భయపడ్డాను. సందులో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. మూటలు నెత్తిన పెట్టుకొని ఊళ్లకు పోతున్నవాళ్లను చూస్తూ, మేం ఉండి తప్పు చేస్తున్నామా అని నేనూ మా ఆయనా రోజూ వాదులాడుకునేవాళ్లం. అలాంటి ఒక మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఎవరో రాగిరేకును సుత్తితో కొడుతున్న చప్పుడు వినిపించింది. ఆగకుండా, ఒకే తీరుగా. పక్క డాబా మీద మామ నిలబడి ఉన్నాడు.

"గీ లాక్‌డౌన్‌ల ఎవ్వలు పని చేస్తున్నరు మామా?" అన్నాను.

"ఎవ్వలు చేస్తలేరు బిడ్డా. అది పిట్ట. ఎండకాలమొస్తుందని అరుస్తుంది. ఆ రావిచెట్టు కొసకు చూడు."

ఎంతసేపు చూసినా నాకు ఆకులే కనిపించాయి. మామ మెడలోని బైనాక్యులర్ తీసి, శానిటైజర్ పూసి, రెండు డాబాల మధ్య పిట్టగోడ మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడ్డాడు. అప్పుడు కనిపించింది, పిడికిలంత ఆకుపచ్చ పిట్ట, నుదుటి మీద ఎర్రటి బొట్టు. కంసాలి పిట్ట అంటారని ఆయనే చెప్పాడు. ఇన్నేళ్లూ ఇక్కడే అరుస్తుండేదట. మగ్గాల చప్పుడులో మాకు వినిపించలేదు. ఆ రోజు నా భయం తగ్గిందని చెప్పను. కాకపోతే పొద్దస్తమానం టీవీ వైపు చూసే కళ్లకు ఇంకో పని దొరికింది.

మగ్గాలు మళ్లీ నడిచాక ఆదివారాలు మొదలయ్యాయి. సందులో టెంపో నడిపే అన్న ఒకతను, ఆ రోజు కిరాయి లేకపోతే, మమ్మల్ని వెనక ఎక్కించుకొని తీసుకుపోయేవాడు. దగ్గరగా అంటే దిండోలి చెరువు. తాపీ మీద కాజ్‌వే దగ్గర నల్లతెల్ల లకుముకి పిట్ట గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి, రాయి పడ్డట్టు నీళ్లలో పడేది. మేం కటకటాలు పట్టుకొని వంగి చూస్తుంటే, మామ రోడ్డుకు అవతలి వైపు నిలబడి, "జర ఎనకకు రార్రి, జర ఎనకకు" అంటూనే ఉండేవాడు. మార్చి నెలలో డుమ్మస్ సముద్రం వైపు బురద నేలల్లో ఇంకా వెళ్లిపోని చలికాలపు కొంగలు కనిపిస్తాయి. ఈ ఊళ్లో ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే చెబుతున్నాను, పోటు తగ్గే వేళకు పోవాలి. ఎండ ముదరకముందే పల్సానా దారిలో కాలువ పక్క మోదుగ చెట్ల కింద నిలబడితే, ఆ పూలకు వచ్చే తేనెపిట్టలతో ఒక పూట గడిచిపోతుంది. ఇవన్నీ మామ చూపిన చోట్లే.

మా వాట్సాప్ గ్రూపులో ఆయనకు రాయడం వచ్చేది కాదు, గొంతే పంపేవాడు. మమ్మల్నీ అలాగే పంపమనేవాడు. "సాఫ్ చెప్పాలె. ఏడ చూసినవ్, ఏం చేస్తుండె, ఎటు పోయింది. ముచ్చట పెట్టొద్దు" అనేవాడు. గూడు కనిపిస్తే మాత్రం అది ఎక్కడుందో ఎవరికీ చెప్పనిచ్చేవాడు కాదు. పిట్ట దగ్గరికి ఇంకో రెండడుగులు వేద్దామని మేం ఆశపడితే భుజం పట్టుకొని ఆపేవాడు. "అది తల లేపింది చూడు. మనం ఎక్కువ దగ్గరికొచ్చినం. దానికి భయమైతే మనకు కనవడది, గంతే." ఆయన భయాన్ని చూసి మా ఆయన ఒకసారి నవ్వితే కోపం తెచ్చుకోలేదు. "నవ్వు అల్లుడా. భయమైతే భయమైతుందని చెప్త నేను. చెప్పకుంటే అది లోపల కూసుంటది" అన్నాడు.

మరుసటి వసంతంలో ఆ మాటతో మాకు అవసరం పడింది.

రెండో విడత కరోనా మా సందులోకి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. ఒక వారం ఇద్దరికి దగ్గు, తర్వాతి వారం ఇంటికొకరు మంచం మీద. అంబులెన్సు సైరన్ వినిపిస్తే అందరం తలుపులు వేసుకునేవాళ్లం, చప్పుడుతోనే రోగం లోపలికి వస్తుందన్నట్టు. తాపీ ఒడ్డు శ్మశానాల వైపు ఆకాశంలో గద్దలు తిరుగుతుంటే నేను కిటికీ మూసేసేదాన్ని. గ్రూపులో ఎవరో వాటి గురించి ఏదో అన్నారు. మామ గొంతు వచ్చింది. "గద్దలు ఎప్పటికి తిరుగుతయ్. మనమే ఇప్పుడు చూస్తున్నం."

అప్పుడే ఆయన కొత్త పద్ధతి పెట్టాడు. మెసేజ్ వద్దు, ప్రతి పొద్దునా ఫోన్ చేసి, కిటికీలోంచి ఏ పిట్టను చూశామో నోటితో చెప్పాలి. ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ చెప్పాలి. పొద్దుపోక అడుగుతున్నాడనుకున్నాం. నాకైతే ఆ ఫోన్ కోసమే లేవాలనిపించేది.

మా ఆయనకు అప్పటికే జ్వరం. వేలికి పెట్టి చూసే ఆక్సిజన్ మీటరు చుట్టుపక్కల ఏ షాపులోనూ దొరకలేదు. జ్వరం తగ్గుముఖం పట్టిందనే నేను అనుకుంటున్నాను. ఒక పొద్దున ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆయన చేతికిచ్చాను.

"మామా... మైనాలు... రెండొచ్చినయ్."

"ఏడ కూసున్నయ్ అల్లుడా?"

"టాంకీ... మీద."

"ఏం చేస్తున్నయ్? మల్లొకసారి మొత్తం చెప్పు, నిమ్మళంగ."

ఆయన మళ్లీ చెప్పాడు. తర్వాత, "ఫోన్ బిడ్డకియ్యి" అన్నాడు మామ. "బిడ్డా, మాట మధ్యల ఊపిరి తీసుకుంటున్నడు. నిన్న గట్ల లేదు. ఇప్పుడే దవాఖానకు పోవాలె."

"అందుకేనా మామా, రోజు పిట్టలు అడుగుతున్నవ్?" అన్నాను.

"పిట్టలు గూడ కావాలె బిడ్డా. లే, బట్టలు సర్దు."

మా ఆయన మంచం కోడు పట్టుకొని కూర్చున్నాడు. ఎంత బతిమాలినా కదలలేదు. మా సందు నుంచి దవాఖానకు పోయిన ముగ్గురు తిరిగి రాలేదు. చివరి చూపు కూడా వాళ్లవాళ్లకు దక్కలేదు. "ఇంట్లనే పోత" అన్నాడు. నేను ఏడుస్తూ తలుపు దగ్గర నిలబడి ఉంటే, కింద సందులో గొడుగు తెరుచుకున్న చప్పుడైంది. కుక్కలు లేచి మొరుగుతున్నాయి. మామ ఒక్కడే వస్తున్నాడు. ముఖానికి రెండు మాస్కులు, కళ్లకు అద్దాలు, చేతులకు క్లినిక్ తొడుగులు. మా కిటికీ కింద ఆగి తలెత్తాడు.

"అల్లుడా, నా కాళ్లు చూడు."

మా ఆయన కిటికీ దాకా వచ్చాడు. నేనూ చూశాను. మామ పైజామా మోకాళ్ల దగ్గర వణుకుతోంది.

"నాకు మస్తు భయమైతుంది. ఇంట్ల మీ అత్త ఏడుస్తుంది. నీ దగ్గరికి రావాలన్నా భయమే, దవాఖానకు పోవాలన్నా భయమే. అయినా వచ్చిన. నువ్వు గూడ భయంతోనే దిగు. ధైర్యమొచ్చినంక దిగుతనంటే అది రాదు."

మా ఆయన చాలాసేపు మామ కాళ్ల వైపే చూశాడు. తర్వాత మెట్లు దిగడానికి నా భుజం మీద చెయ్యి వేశాడు.

టెంపో అన్న మూతికి గుడ్డ కట్టుకొని బండి తెచ్చాడు. వెనక పరుపు వేసి, మామ చెప్పినట్టు మా ఆయన్ని బోర్లా పడుకోబెట్టాం. ముందు సీటు ఖాళీగా ఉన్నా మామ వెనకే ఎక్కాడు. మొదట పోయినచోట మంచాలు లేవన్నారు. రెండోచోట గేటు బయటే వరుసగా ఆటోలు, వాటిలో మనుషులు. ఎండ నెత్తికెక్కింది. నేను మా ఆయన వీపు మీద చెయ్యి పెట్టి, అది లేస్తోందా లేదా అని చూస్తూ ఉండిపోయాను. మామ దిగి లోపలికి పోయాడు. తిరిగి వచ్చాడు. మళ్లీ పోయాడు. మనుషులు కిక్కిరిసిన ఆ వరండాలోకి పోయిన ప్రతిసారీ గేటు దగ్గర ఒక క్షణం ఆగి కళ్లు మూసుకునేవాడు. చివరికి ఎవరో ఇంటికి పోవడంతో ఒక మంచం ఖాళీ అయింది. స్ట్రెచర్ తోసుకుపోతుంటే మా ఆయన నా వైపు కాదు, మామ వైపు చూశాడు. మామ చెయ్యి ఊపలేదు. వణకకుండా ఉండాలని ఆ చేతిని రెండో చేత్తో పట్టుకొని ఉన్నాడు.

మా ఆయన బతికి వచ్చాడు. ఆయన ఇల్లు చేరేలోపే మామకు జ్వరం వచ్చింది.

ఆ రోజుల భయం గురించి రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి సాగదు. అత్త గిన్నె తోముతున్న చప్పుడు వినిపిస్తే బతికి ఉన్నాడని అనుకునేదాన్ని. వినిపించకపోతే వంట మధ్యలో వదిలేసి కిటికీకి చెవి పెట్టేదాన్ని. ఆయన కోలుకున్నాడు, కానీ ఊపిరి మునుపటిలా లేదు. మెట్లు ఎక్కితే ఆయాసం. ఆదివారాలు టెంపోలోనే కూర్చొని, మేం పోయి చూసి వచ్చి చెబితే వినేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మా వల్లనే కదా మామా నీకు వచ్చింది?"

"గాలి ఎవ్వల పేరన్న రాసుకొని తిరుగుతదా బిడ్డా?" అన్నాడు. మళ్లీ తనే, "ఆ దినం ఇంట్లనే కూసుంటే నాకు ఇంక ఎక్కువ భయమయ్యేది" అన్నాడు. అంతకుమించి ఎప్పుడూ మాట్లాడలేదు. ఇంకో చలికాలం మాతో గడిపాడు.

ఆయన పోయిన నెలకు, అత్త ఒక శనివారం సాయంత్రం మా గడపలో నిలబడి, "రేపు నేను గూడ వస్త" అంది. ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ రాలేదు. పల్సానా దారిలో కాలువ దగ్గర టెంపో ఆపాం. దిగగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏం చూడాలో, ఎటు చూడాలో నేను చెప్పేలోపే చెరకు తోట అవతలి నుంచి ఒక గుంపు లేచింది. గులాబీ గోరింకలు. చలికాలమంతా ఇక్కడుండి, ఉత్తరానికి ప్రయాణమయ్యే ముందు ఇలా వందలుగా కూడతాయి. పొగలా మలుపు తిరిగి వచ్చి, రోడ్డు పక్క కరెంటు తీగ మీద ఒకదాని పక్కన ఒకటి వాలాయి. ఆ బరువుకు తీగ కిందికి వంగింది. అత్త ఊపిరి బిగబట్టి చూసింది. దూరంగా చెరకు లారీ హారన్ కొట్టగానే అన్నీ ఒక్క చప్పుడుతో లేచి వెళ్లిపోయాయి.

మేం కదలలేదు. మా తలల మీద ఆ తీగ ఇంకా ఊగుతూనే ఉంది.