ఇన్‌స్పెక్షనుకు ముందురోజు సున్నం

మాది కోలారు బంగారు గనుల మనుషుల ఊరు. పైనుంచి ఆఫీసరు వస్తున్నాడంటే మాకు పెళ్ళిచూపులే. గనులు గవర్నమెంటు చేతికొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. గోడలకు సున్నం, ముంగిట్లో ముగ్గు. మన లేమి పరాయివాడి కంట పడితే పరువు పోతుందని మా నమ్మకం.

ఆ రోజుల్లో నేను మా లైన్ల, అంటే గని కూలీల ఇళ్ళ వరసల, పక్కనున్న పిల్లల హోములో వంటమనిషిని. దిక్కులేని ఆడపిల్లలుండేవాళ్ళు. వాళ్ళలో తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతికి ఉబ్బసం. దాని మంచం పక్క గోడకు వాన పడితే చాలు, చెమ్మ. పైకప్పు కారుతోందని వార్డెనమ్మకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. బాగు చేయించడానికి డబ్బు పైనుంచి రావాలి, ఇన్‌స్పెక్టరు కళ్ళారా చూసి రాస్తేనే వస్తుంది అనేది ఆమె. సరే, రానీ అని కాచుకున్నాను.

వస్తున్నాడని కబురు రానే వచ్చింది. ముందురోజు షిఫ్టు దిగిన మా లైన్ల మగవాళ్ళు, నా మొగుడితో సహా, బకెట్లు పట్టుకొని వచ్చి హోమంతా సున్నం కొట్టేశారు. కూలీ లేదు, పిలుపూ లేదు. అమ్మానాన్నలు లేని పిల్లల ఇల్లు చిన్నబోకూడదట! ఆ ఒక్క గోడా వదిలేయండి నాయనా అని కాళ్ళావేళ్ళా పడ్డాను.

"నువ్వుండుమే. మన పరువు గదా ఇది," అన్నాడు నా మొగుడు.

మంచితనంతో కొంప ముంచడమంటే అదే. ఎవరిని తిట్టను?

ఇన్‌స్పెక్టరు బంగారుపేటలో రైలు దిగి జీపులో వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. చెప్పులు బయటే విడిచి, పిల్లలకు వండిన రాగిముద్ద, దాన్లోకి కాచిన పప్పుసారు రుచి చూశాడు. ఆ వారమంతా ఎండ. మరక జాడే లేదు. గోడలు చూసి మెచ్చుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. వంటమనిషి నోరెత్తడమేమిటని వార్డెనమ్మ కళ్ళెర్రజేసినా లెక్కచేయక, ఈ మంచం పైన కారుతుంది సార్, కావాలంటే పిల్లనే అడగండి అన్నాను. ఆయన వంగి అడిగాడు. పిల్ల నా వైపు చూడలేదు.

"కారదు సార్. బాగుండాది," అంది.

ఆయన నన్నొక చూపు చూసి ముందుకు నడిచాడు. నా తల కొట్టేసినట్టయింది.

జీపు వెళ్ళగానే పిల్లను వంటింట్లోకి లాక్కొచ్చి, నోరు పడిపోయిందా నీకు అని దులిపేశాను. దాని గొంతులో అప్పటికే పిల్లికూతలు. ఊపిరి కూడదీసుకొని చెప్పింది.

"ముందున్న హోములో ఇట్లే అడిగితే అంతా చెప్పినానమ్మా. దాన్ని మూసేసినారు. నన్ను ఈడికి పంపినారు, మా చెల్లిని యాడికి పంపినారో తెలీదు. ఇంగ ఇదీ మూసేస్తే, అది నన్ను వెతుక్కుంటా యాడికొస్తాది?"

మూయరులేమ్మా అని ధైర్యం చెప్పబోయాను. మూయరని నాకు మాత్రం ఎవరు చెప్పారు?