డీ డ్రైవులో దాచిన గొంతు

మదనపల్లె టమాటా మార్కెట్టులో నా భర్త వేలం పాడేవారు. ఆ గొంతే ఆయన ఆస్తి. మైకు చెడిపోయిన రోజున కూడా ఆయన పాట చివరి బండి దాకా వినబడేది. ఇంట్లో మాత్రం మెల్లగా మాట్లాడమని నేనే విసుక్కునేదాన్ని. ఆ గొంతుకే క్యాన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేస్తే తప్ప ప్రాణం దక్కదని డాక్టరు చెప్పేశారు.

ఆపరేషన్‌కు ముందు ఆయన ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని తన మాటలు రికార్డు చేసుకున్నారు. వేలం పాడారు. బైబిలులో కీర్తన చదివారు. కూతుర్ని పిలిచారు, నన్ను తిట్టారు కూడా.

“తిట్లు యాలప్పా?” అన్నాను.

“అవి లేకుంటే నేనేనని యెట్ల నమ్ముతావు?” అన్నారు.

అన్నీ సీ డ్రైవులో ఒకసారి, డీ డ్రైవులో ఒకసారి పెట్టారు. “సీ పోయినా డీ ఉంటాది, దిగులు పడొద్దు” అన్నారు. మా వీధిలో కంప్యూటరు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే వేదవాక్కు. నేనూ నమ్మాను.

ఆపరేషన్ అయింది, ప్రాణం దక్కింది, మాట పోయింది. పోయిన ఎండాకాలం కంప్యూటరు లోపల టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. లోపలి హార్డ్ డిస్కు ఊడదీయించి, పట్టుకుని పుంగనూరు వెళ్లాను. రిపేరు చేసే అతను చూసి పెదవి విరిచాడు.

“డీలో కూడా ఉండాయప్పా” అన్నాను.

“సీ, డీ రెండూ ఈ డిస్కులోనే ఉండేది కదమ్మా. ఒగే ఇంట్లో రెండు రూములు. ఇల్లే కూలిపోతే యాడ ఎతికేది?” అన్నాడు.

నాకు మా ఆయన మీద కోపం వచ్చింది. తిరిగి ఒక్క మాట అనలేని మనిషి మీద కోపం రావడం ఎంత పాపిష్టిదో ఆ రోజు తెలిసింది.

పాడైన డిస్కుల్లోంచి ఫైళ్లు తీసే అతను కుప్పంలో ఉన్నాడంటే, దాన్ని తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కాను. కొన్నాళ్లకు ఫోన్ చేశాడు.

“ఒగటే వచ్చిందమ్మా. అది కూడా మొత్తం ఉండాదో లేదో సెప్పలేను.”

కొత్త డిస్కు వేయించి, ఆ ఒక్క ఫైలునూ ఎక్కించి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నొక్కాను. మొదట నా గొంతు వినిపించింది. “రికార్డవుతాండాది. వేలం పాడప్పా.”

ఆ తర్వాత ఏమీ లేదు. ఫైలు నడుస్తూనే ఉంది, ఆయన గొంతు ఉండవలసిన చోటంతా ఖాళీ. రోజూ వాగే నా గొంతు దక్కి, ఆయనది పోవడమేమిటని ఏడుపొచ్చింది. ఆపేయబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

తెర మీద కదిలే గీతనే చూస్తూ పెదవులు కదపడం మొదలుపెట్టారు. ధర పెరిగేకొద్దీ పెదవులు త్వరత్వరగా కదిలాయి. ఆపరేషన్‌లో మెడకు పెట్టిన రంధ్రంలోంచి గాలి మాత్రం బుసబుసమని వచ్చింది. ఫైలు అయిపోయేదాకా పాడి, బాగా వచ్చిందా అన్నట్టు నా వైపు చూశారు.

“వచ్చిందప్పా” అన్నాను.