పసుపు అంటని తీగ

సార్ పోయారని జనగామ నుంచి ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నేను భూపాలపల్లిలో మా ఇంట్లో ఉన్నాను. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో యూనివర్సిటీ హాస్టళ్లు మూసేశారు. ఆ రోజు బంద్, బస్సులు లేవు. "నాకు కాలుంటే బండి మీద తీస్కపోయేటోన్ని చెల్లే" అన్నాడు అన్న. సార్ కడసారి చూపు నాకు దక్కలేదు.

మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేనే. లోహాల పైపొరను పరీక్షించే సార్ దగ్గర పరిశోధనకు చేరాను. నా మొదటి సెమినార్‌లో నేను 'గిట్ల' అంటే వెనక వరుసలో నవ్వారు. సార్ లేచి, తన ప్రశ్నను మా యాసలోనే అడిగారు. నవ్వులు ఆగిపోయాయి.

లోహం మీద ఎక్స్ కిరణాలు పడితే ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. అక్కడ ఏ మూలకం ఉందో వాటి శక్తిని బట్టి తెలుస్తుంది. కానీ అవి వచ్చేది పైనున్న కొన్ని పరమాణువుల మందం నుంచే. వేలు తగిలిందా, యంత్రం లోహాన్ని వదిలేసి మన చేతి జిడ్డు సంగతి చెబుతుంది. అందుకే సార్ నమూనా కనబడగానే చేతులు వెనక్కి కట్టుకునేవారు. కూరగాయల బండి దగ్గర కూడా అలాగే నిలబడతారని ఆయన భార్య నవ్వేది.

అన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. బొగ్గు నింపిన టబ్బులను లాగే, ఇనుప తీగలతో పేనిన తాడు తెగి అతని కాలు పోయింది. తాడు బాగానే ఉందని, అన్నే ఎక్కువ టబ్బులు తగిలించాడని విచారణలో రాశారు. తోటి కార్మికులు తెగిన ముక్కను సంచిలో వేసి మా ఇంటికి చేర్చారు. సంగతి చెప్పగానే సార్ తానే బయలుదేరి వచ్చారు.

అప్పటికే దసరా అయిపోయింది. ఆయుధపూజలో అమ్మ గొడ్డలితో, కొడవలితో పాటు ఆ తాడుకూ నూనె రాసి, పసుపు పూసి, కుంకుమ పెట్టింది. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు.

"నా కొడుకు కాలు తిన్నది సారూ. శాంతిస్తదని బొట్టు వెట్టిన" అంది అమ్మ.

సార్ చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు. "మంచిగ జేసినవ్ అవ్వా" అన్నారు. నా వైపు తిరిగి, "ఏడుసుడు ఎందుకు? పసుపు పైననే ఉన్నది. నడిమి తీగలకు అంటిందో లేదో సూద్దాం" అన్నారు.

"తాడుకు నోరొస్తదా సారూ?" అన్నాడు అన్న.

"నోరు రాదు తమ్మీ. అబద్ధం గూడ రాదు."

సగం ముక్క ఆయన తీసుకున్నారు. మిగతా సగాన్ని అల్యూమినియం రేకులో చుట్టి, "చెయ్యి వెట్టొద్దవ్వా" అని అమ్మకిచ్చారు.

నడిమి తీగలకు పసుపు అంటలేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక తీగ నిండా గుంటలు. ఎక్స్ కిరణాల పరీక్షలో ఆ గుంటల్లో గంధకం కనబడింది. గంధకం కలిసిన బాయి నీళ్లు తాడును లోపలి నుంచి ఎన్నాళ్లుగానో తింటున్నాయి. అన్నకు ఫోన్ చేయబోతే సార్ ఆపారు.

"ఆగు బిడ్డా. ఒక్కపారి సూసింది సాక్ష్యం గాదు. ఇంకో తీగ గూడ గదే చెప్పాలె. అప్పుడు సంతకం వెడ్త."

రెండో తీగను యంత్రంలో పెట్టాం. లోపల గాలి లేకుండా పంపులు ఆగకుండా నడవాలి. అంతలో సమ్మెలు మొదలయ్యాయి. కరెంటు పోయినప్పుడల్లా పని మళ్లీ మొదటికి వచ్చేది. "మీ ఉద్యమమే మీ పంపును ఆపిందండీ" అని ఒక తోటి అధ్యాపకుడు ఎగతాళి చేశాడు. "రాష్ట్రం రావాలె, పంపు గూడ నడవాలె. రెండూ నాయే" అన్నారు సార్.

రెండూ కాకముందే ఆయన గుండె ఆగిపోయింది.

ఆ తీగ ఇంకా మూసిన ల్యాబ్‌లోనే ఉంది. నా దగ్గరున్నది ఒకే ఒక్క గ్రాఫు, సంతకం లేనిది. అది తీసుకుని బాయి ఆఫీసుకు వెళ్తే, "ఇది చెప్పడానికి నువ్వెవరమ్మా?" అన్నారు. ఇంకెవరిని అడగాలో నాకు తెలియడం లేదు. అన్న పేరు మీద ఆ తప్పు అలాగే ఉంది.

సార్ పోయారని విన్న రోజు అమ్మ సార్ చుట్టిచ్చిన రేకు పొట్లాన్ని అటక మీది నుంచి ఒక గుడ్డతో పట్టి దించి, పీట మీద పెట్టింది. మోచేతుల దాకా చేతులు కడుక్కుంది.

"గది ఇంకెవలు ఇప్పుతరే అవ్వా?" అన్నాడు అన్న.

 అమ్మ తడి చేతులు వెనక్కి కట్టుకుని, సార్ నిలబడినట్టే, దాన్ని చూస్తూ నిలబడింది.