ఏప్రిల్ ఎండలో చలికోటు

అశ్వత్థప్ప బెంగళూరు దాటి పోయింది రెండే సార్లు, రెండూ కదిరి తేరుకే. అయినా భూగోళం నెత్తిన ఉన్న ఫిన్లాండులో ఏ నెల ఎట్లా ఉంటుందో ఆయనకు తెలిసినట్టు బాళేపేటలో ఇంకెవరికీ తెలియదు. చలిదేశాలకు పోయేవాళ్ళకు కోట్లు అద్దెకివ్వడం ఆయన వ్యాపారం. వాళ్ళు ఫోటోలు మాత్రం దాచుకొని, ఋతువులను జేబుల్లో మరిచిపోయి ఆయనకు తిరిగిచ్చేస్తారు.

సెప్టెంబరు కోట్లలో ఎర్రబారిన చిట్టి ఆకులు, అడవిపళ్ళ మరకలు. జూన్ కోట్ల మెడపట్టీల మీద దోమల నెత్తురు. పొద్దు గుంకని ఆ నెలలో దోమకూ నిద్ర లేదు. డిసెంబరు జేబుల్లో కొవ్వొత్తి మైనం, అంతే. ఆ దేశపు కొనకొమ్మున అప్పుడు యాభై రోజుల దాకా సూర్యుడే పొడవడు. మన పంచాంగం ఆరు ఋతువులంటుంది గానీ, బెంగళూరులో వెతికితే రెండు దొరకడం కష్టం. అక్కడ ధ్రువపు దుప్పులను మేపే జనం ఎనిమిది లెక్కపెడతారు. వాటిలో అశ్వత్థప్ప భయపడేది ఒక్కదానికే: శీతాకాలం పూర్తిగా పోక, వసంతం రాక, మధ్యలో నిలిచే మార్చి, ఏప్రిల్ కాలానికి. పగలు మంచు మీద ఎండ కళ్ళు పొడుస్తుంది, కోటు తడుస్తుంది. పొద్దు వాలగానే ఆ తడి గడ్డకడుతుంది. కోటు లోపల ఏముందో ఆ సాయంత్రం చెప్పేస్తుంది.

ఆయన బతుకు విరిగింది కూడా ఆ కాలం చేతిలోనే. పంతొమ్మిదేళ్ళ కిందట ఆయన బొమ్మసంద్రలో ఒక కోట్ల ఫ్యాక్టరీలో నాలుగో లైను హెడ్ టైలరు. ఫిన్లాండుకు పంపిన నీలికోట్లు ఒక ఏప్రిల్లో నీళ్ళు పీల్చి, బిగుసుకుపోయి, మొత్తం వెనక్కి వచ్చాయి. లోపలి దూదిని నాసిరకానికి మార్పించింది మేనేజరు అశోక్‌కుమార్. కుట్లలో నీళ్ళు దిగాయని నేరం మోపింది అశ్వత్థప్ప మీద. మే నెల మిట్టమధ్యాహ్నం, నాలుగు వందల మంది చూస్తుండగా ఆయనకు ఆ కోట్లలో అన్నిటికన్నా పెద్దదాన్ని తొడిగించి, మెడదాకా జిప్పు లాగించి, ఫ్యాక్టరీ ముంగిట ఎండలో నిలబెట్టాడు.

"చలి తెలుసుకో" అన్నాడు.

అశ్వత్థప్ప కళ్ళు తిరిగి పడిపోయాడు. అదే లైనులో పనిచేసే భార్య కదిరమ్మ ఆ కోటుతోనే ఆటో ఎక్కించి ఇంటికి తెచ్చింది. మరునాడు పని పోయింది. కుట్టు రానివాడన్న పేరు హోసూరు రోడ్డు పొడవునా ఆయనకంటే ముందు నడిచింది. ఇంకే ఫ్యాక్టరీ గేటూ తెరుచుకోలేదు. చివరికి ఈ అద్దెకోట్ల దుకాణం పెట్టుకున్నాడు. నీలికోటు మాత్రం అందులో మేకుకు వేలాడుతూనే ఉంది. పాముపగ పన్నెండేళ్ళంటారు. కదిరమ్మ పగ ఆ గడువు దాటి ఏడేళ్ళయింది.

ఈ ఏప్రిల్ మొదటివారం అశోక్‌కుమార్ తానే దుకాణం మెట్లెక్కాడు.

"మైనస్ ట్వంటీ అంటున్నారయ్యా. పది రోజుల ఫిన్లాండ్ టూర్, రేపు పొద్దున్నే ఫ్లైట్. నా సైజు ఊళ్ళో ఎక్కడా లేదు, నీ దగ్గర ఉంటుందన్నారు" అని పొట్ట తడుముకున్నాడు. నాలుగు వందల మందిలో ఒక మొహం ఆయనకు ఎందుకు గుర్తుంటుంది?

కదిరమ్మ మొగుణ్ణి కోట్ల చాటుకు లాగింది.

"ఆయప్పే కదా?"

"ఊఁ. వాడే."

"నీలిది ఇచ్చి పంపు. పోయి చలి తెలుసుకొని రానీ."

అశ్వత్థప్ప చెయ్యి మేకుదాకా పోయింది. దాన్ని ఆపింది దయ కాదు. నీలికోటు తన పని ఏడువేల కిలోమీటర్ల అవతల, తాను చూడని మంచులో చేస్తుంది. కళ్ళారా చూడని పగ ఎవరికి కావాలి? పైగా వాడు అక్కడ బిగుసుకుపోతే, కుట్టు మంచిదేనని చెప్పగల నోరు లోకంలో ఇంకొకటి లేదు.

తన చేత్తో కుట్టిన ఎర్రకోటు తీశాడు.

"వేసుకోండి సార్. జిప్పు మెడదాకా. ఇట్ల వీధిలోకి రాండి, ఎండలో పది నిమిషాలు చూడల్ల."

"ఎండలో ఎందుకయ్యా?"

"ఆ దేశం ఎండ నమ్మేది కాదు సార్. యాడ బిగువుండాది, యాడ వదులుండాది, చెమట పడితేనే తెలిసేది."

మనిషి నమ్మాడు. మూడో నిమిషానికి చెమట కనుబొమలు దాటి గడ్డం మీదికి జారింది. ఎదురుగా గాజుల అంగడి వాళ్ళు బయటికి వచ్చి చూస్తున్నారు. అశోక్‌కుమార్ వేళ్ళు జిప్పును వెతుక్కున్నాయి.

"అప్పుడేనా సార్? చలి తెలుసుకోండి."

వేళ్ళు ఆగిపోయాయి.

"నువ్వు..."

"నాలుగో లైను. అశ్వత్థప్ప."

కదిరమ్మ నీలికోటు తెచ్చి అశోక్‌కుమార్ మొహానికెదురుగా పట్టుకుంది.

"ఇది మీరు నింపించింది సార్. ఒంటిమీదిది నేను కుట్టింది" అన్నాడు అశ్వత్థప్ప. "నీలిది ఎందుకు వద్దో చెప్తే ఎర్రది ఎత్తుకొని పోవచ్చు."

"పాత సంగతులు ఇప్పుడెందుకయ్యా..."

"నాకేం తొందర లేదు సార్. నేను నీడలో ఉండాను."

అశోక్‌కుమార్ వీధిని అటూ ఇటూ చూశాడు. "కుట్టు మంచిదే" అని గొణిగాడు. "దూది... నేనే మార్పించాను."

"గట్టిగా చెప్పప్పా," అంది కదిరమ్మ, "గాజులంగడికి వినపడలేదంట."

రెండోసారి గట్టిగానే చెప్పాడు.

జిప్పు అశ్వత్థప్పే విప్పాడు. కోటు మడిచి సంచిలో పెట్టి చేతికిచ్చాడు. "పది దినాలూ నా కుట్టు లోపలే బతకల్ల సార్. గాలి కొట్టినప్పుడంతా నన్ను తలుచుకోండి."

అశోక్‌కుమార్ తల ఎత్తకుండా సందు మలుపు తిరిగాడు. కదిరమ్మ నీలికోటు దులిపింది.

"ఇంక ఇదెందుకు? పారేద్దామా?"

"ఉండనీ, మళ్ళీ తగిలించు. కోటు తిరిగిచ్చేదానికి వస్తాడు కదా. అప్పటికి ఎండలు ఇంకా ముదురుతాయి."