ఉత్తరం దిక్కున ఎరుపు

నా చిన్నప్పుడు మేము పటాన్‌చెరులో ఒకే వరుసలో కట్టిన కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లం. ఆ యేడు తమ్ముడు నెలలు నిండకుండానే పుట్టాడు. వాడిని హైదరాబాదు ఆస్పత్రిలో గాజుపెట్టెలో ఉంచారు. అమ్మ వాడి దగ్గరే ఉండిపోయింది. నాన్న ఫ్యాక్టరీకీ ఆస్పత్రికీ మధ్య తిరుగుతుంటే, మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటామె నన్ను తన పిల్లలతో పాటే పెట్టుకుంది. అన్నం కడుపునిండా పెట్టేది. జడ మాత్రం అమ్మ వేసినట్టు వచ్చేది కాదు. అద్దంలో చూసుకుని ఏడ్చేదాన్ని.

ఆ రోజుల్లోనే టీవీలో చెప్పారు, సూర్యుడి మీద పెద్ద తుఫాను లేచిందని, ఉత్తరాన చలిదేశాల ఆకాశంలో ఆకుపచ్చ, ఎర్ర వెలుగులు తెరల్లా ఊగుతున్నాయని. తుఫాను మరీ పెద్దదైతే ఎప్పుడూ కనబడని చోట కూడా కనబడవచ్చట. ఆ ఒక్క మాట చాలు మా వాడకు. చీకటి పడగానే పిల్లలమంతా ఖాలా వెంట డాబా ఎక్కాం. నేను ఎవరికీ చెప్పకుండా ఒక పందెం వేసుకున్నాను: ఆ వెలుగు కనబడితే అమ్మ ఇంటికి వస్తుంది. కనబడకపోతే ఏమవుతుందో ఆలోచించడానికే భయమేసింది.

ఉత్తరాన జిన్నారం వైపు మబ్బుల కింద ఎర్రగా కనబడింది.

"గదో! టీవీల గిట్లనే ఉండె!" అని ఖాలా కొడుకు ఎగిరాడు. అందరికంటే గట్టిగా నేను అరిచాను.

ఖాలా కళ్లు చికిలించి చూసింది. "గది ఫ్యాక్టరీ లైట్ల వెలుగు రా, పొగ మీద పడ్డది. రోజూ ఉండేదే. నీకు కంచం తప్ప ఏం కనబడ్తది?" అంది కొడుకుతో.

అందరూ నవ్వారు. నేను నీళ్ల ట్యాంకు వెనక్కి పోయి కూర్చున్నాను. ఖాలా వచ్చి అడిగితే, వెక్కుతూ పందెం సంగతి చెప్పేశాను.

రంజాన్ చివర నెలవంక కోసం ఆమె ఆ డాబా మీదే నిలబడేది. మబ్బు అంచును చూపించి అదే చాంద్ అని ఎవరు చెప్పినా ఒప్పుకునేది కాదు. ఆ రాత్రి కూడా, నన్ను ఊరడించడానికైనా సరే, ఆ ఎరుపును వేరే పేరుతో పిలవలేదు. నన్ను కొంగులోకి లాక్కుంది.

"మబ్బు పట్టి చాంద్ కనబడకుంటే పండుగ ఆగుతదా బేటీ? ముప్పై రోజాల ఉపాసాలు నిండినంక అదే వస్తది. మీ అమ్మ గూడ గంతే. తమ్ముడు జెర గట్టివడంగనే వస్తది."

"రేపొస్తదా?"

"రేపు రాదు. గని వస్తది."

మిగతా పెద్దలంతా రోజూ రేపు, రేపు అంటూనే ఉన్నారు. రేపు రాదని చెప్పింది ఆమె ఒక్కతే. అందుకే 'వస్తది' అన్న మాటను నమ్మగలిగాను.

అమ్మ చాలా రోజులకు, మిట్టమధ్యాహ్నం ఎండలో, తమ్ముణ్ని పొదివి పట్టుకుని ఆటో దిగింది. ఆకాశంలో ఏ విశేషమూ లేదు.

ఖాలా వాళ్లు తర్వాత ఇల్లు మారారు. ఎటు వెళ్లారో కనుక్కోలేకపోయాం. ఇప్పుడు మా పాపకు జడ వేస్తున్నప్పుడు ఆమెను ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది.

మేముండేది పోతిరెడ్డిపల్లిలో, రోడ్డు పక్కనే. పాప నిద్రపోయాక, మా ఆయన షిఫ్టు బస్సు ఆలస్యమైన రాత్రుల్లో, 'ఈ లారీ తర్వాత వచ్చేది బస్సే అయితే...' అని నా మనసు ఇంకా మొదలుపెడుతుంది. సగంలోనే ఆపేస్తాను. భయం పోదు. ఊరికే ఎదురుచూడటం మాత్రం చేతనవుతుంది.