తోయకూడదు, లాగకూడదు

డిప్లొమా చేతికొచ్చిన కొత్త రోజుల్లో మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. లోకంలో చెడిపోయిన ప్రతి వస్తువూ తన కోసమే ఎదురుచూస్తోందని అనుకుంటాడు. మలేషియాలో, బంటింగ్ ఊళ్ళో ఒక ఫ్యాక్టరీలో చేరిన ఆ మొదటి ఏడాది నేనూ అలాగే ఉండేవాణ్ణి. జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్క్రూడ్రైవరు, బుర్రలో ఎప్పుడూ ఒక జాబితా. ఆ రెంటికీ తీరిక లేకుండా చేసింది మా తాతయ్య కారు.

అది మోరిస్ మైనర్. ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన బండి. తాతయ్య సుంగై సుమున్ ఎస్టేటు ఆఫీసులో గుమాస్తాగా ఉన్నప్పుడు, తన దేశం వెళ్ళిపోతున్న దొర దాన్ని ఆయన చేతిలో పెట్టాడు. తాళం ఇచ్చేటప్పుడు దొర కళ్ళు తుడుచుకున్నాడని తాతయ్య అంటాడు. చెమట తుడుచుకున్నాడని నాయనమ్మ అనేది. ఆ తరువాత దాని చరిత్ర మా ఇంటి చరిత్రే. నాన్న పుట్టి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది అందులో, అమ్మ కాపురానికి వచ్చింది అందులో, ఒకసారి దురియన్ పళ్ళ బస్తాను మూడు రోజులు ఎండలో మరిచిపోయిందీ అందులోనే (వాన పడితే వెనక సీటు ఇప్పటికీ కంపు కొట్టి ఆ సంగతి గుర్తు చేస్తుంది). మలుపు తిరగడానికి దానికి మెరిసే దీపాలు లేవు. తలుపుల మధ్య స్తంభంలోంచి జానెడు పొడుగు నారింజరంగు చెయ్యి ఒకటి బయటికి లేస్తుంది. కుడివైపు చెయ్యి మహా మొండిది. దాని పక్కన కూర్చున్నవాళ్ళు స్తంభాన్ని పిడికిలితో ఒక్కటి గుద్దితేగాని లేవదు. మా ఇంట్లో పిల్లలకు నడక తరువాత నేర్పే విద్య అదే.

ఈ కారంటే చిన్నాన్నకు పడేది కాదు. వాకిట్లో రేకుల నీడంతా అదే ఆక్రమిస్తే, ఆయన కొత్త కారు ఎండలో కాగేది. పాత ఇనుము పట్టుకుపోయే లారీ మైకులో అరుస్తూ వీధిలోకి వస్తే చాలు, అదిగో నీ స్నేహితుడు వచ్చినాడని కారు వైపు చూసి అనేవాడు. తాతయ్య వినపడనట్టు కారు అద్దం తుడుచుకునేవాడు.

ఇంతలో అక్కకు కువాలా సెలంగోర్ అబ్బాయితో పెళ్ళి కుదిరింది. మా వాళ్ళలో ఎదురుకోలు ఉంటుంది. పెళ్ళికూతురి తమ్ముడు వెళ్ళి పెళ్ళికొడుకును విడిది నుంచి బండిలో గుడికి తీసుకురావాలి. బండెక్కినవాడు గుడి వాకిట్లో హారతి పట్టేదాకా నేలమీద కాలు పెట్టకూడదు. ఆ బండి తాతయ్య కారే కావాలని అక్క పట్టుబట్టింది. భోజనాల దగ్గర అందరి ముందూ చిన్నాన్న, మాట చివర మలయా వాళ్ళ 'లా' తగిలించే తన అలవాటు ప్రకారం, ఒక షరతు పెట్టాడు.

"సరే లా. పెళ్ళికొడుకుని దానంతట అది గుడికి తెస్తే ఉండనీ. తోయకూడదు, లాగకూడదు. తోసినా, లాగినా సోమారం లారీ వస్తాది."

తాతయ్య "అలాగే" అన్నాడు. తరువాత అన్నం కలపడం మరిచిపోయి ఉత్త చెయ్యి నోట్లో పెట్టుకున్నాడు.

ఆ రెండు వారాలూ నేను ఆ కారు కిందే కాపురమున్నాను. ప్లగ్గులు, బెల్టు, రేడియేటరు గొట్టం, బ్రేకు నూనె, అన్నీ చూశాను. జాబితాలో ఏదీ మిగల్లేదు. మిగిలింది ఒక్కటే, మేళం. అది నా జాబితాలో లేదు.

పెళ్ళిరోజు పొద్దున్న చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు గుమ్మడికాయంత బంతిపూల దండ వేలాడదీసి, బావను వెనక సీట్లో కూర్చోబెట్టాం. తాతయ్య నా పక్కన కూర్చున్నాడు. బావ తలపాగా కింద చెమటలు కక్కుతున్నాడని వాళ్ళ అమ్మగారు బాధపడితే, ఒక చిన్న ఫ్యాను బ్యాటరీకి తగిలించాను (డిప్లొమా ఉన్నది ఎందుకు?). నిమ్మకాయలు చితికాయి, కారు కదిలింది, వెంటనే మేళం వాళ్ళు మా ముందుకొచ్చి నిలబడి వాయించడం మొదలుపెట్టారు. ఇక అంతా వాళ్ళ నడకే. మెల్లగా నడిపే బండిలో బ్యాటరీకి కరెంటు ఎక్కదని డోలు ఆయనకు కిటికీలోంచి వివరించబోయాను. ఆయన తమిళంలో, ఆగు తమ్ముడూ, తాళం మధ్యలో ఉన్నానన్నాడు.

గుడి గోపురం కనిపిస్తుండగా, ఆఖరి మలుపుకు ఇవతల ఇంజను వేడెక్కి ఆగిపోయింది. తాళం తిప్పితే గొంతు పోయిన కప్పలాగా ఒక్క చప్పుడు. ఫ్యాను మాత్రం ఇంకా తిరుగుతోంది.

మేళం ఆగింది. పన్నీరు బుడ్డి పట్టుకుని ముందు నడుస్తున్న చిన్నాన్న వెనక్కి వచ్చాడు. బావను దింపి నడిపించేద్దామని ఎవరో అన్నారు. బావ వాళ్ళ అమ్మగారు కారు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

"మా వోడు కింద కాలెట్టడు. మీరేటి సేసుకుంతారో సేసుకోండి."

చిన్నాన్న కిటికీలోకి వంగాడు. "ఏటి నాన్నా, తోసేద్దుమా, ముహూర్తం ఒగ్గేద్దుమా?"

తాతయ్య వంగి, సీటు కిందనుంచి పాత కైలీ లుంగీ గుడ్డలో చుట్టిన ఒక పొడుగాటి మూట తీశాడు. విప్పితే, రెండు వంపులు తిరిగిన ఇనపకడ్డీ. ముందు నుంచి ఇంజనును చేత్తో తిప్పే హ్యాండిలు. దాన్ని నేను బొమ్మల్లో తప్ప చూడలేదు.

"తిప్పకూడదని నువ్వు అన్లేదు కదరా" అన్నాడు.

నేను ఫ్యాను పీకేశాను. స్టార్టరుకు చాలని కరెంటైనా నిప్పురవ్వకు చాలుతుంది. తాతయ్యను నా సీట్లోకి జరిపి, హ్యాండిలు తీసుకుని ముందుకు వెళ్ళాను. దాని రంధ్రం సరిగ్గా బంతిపూల దండ వెనక ఉంది. దేవుడి పేరున కట్టిన దండ తీయకూడదని బావ వాళ్ళ అమ్మగారే దాన్ని రెండు చేతులతో తెరలాగా పైకెత్తి పట్టుకున్నారు. దాని కింద దూరి, పట్టుచొక్కాతో వంగి, పుస్తకంలో చదివిన కోణం చూసుకుని తిప్పాను. ఇంజను తుమ్మి, హ్యాండిలును వెనక్కి తన్నింది. నేను బంతిపూలతో సహా వెనక్కి కూలబడ్డాను. రెండోసారీ అంతే. మేళం వాళ్ళలో ఒకడు నవ్వు ఆపుకోలేక సన్నాయిలోకి ఊదేశాడు.

చిన్నాన్న అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను మూడోసారి చెయ్యి వెయ్యగానే ఆయన వల్ల కాలేదు.

"బొటనేలు అటు సుట్టకురా, ఇరుగుద్ది. యేళ్ళ పక్కనెట్టు. ఈడికి డిప్లొమా ఎవులిచ్చినారో. జరుగు, జరుగు."

పన్నీరు బుడ్డి నా చేతిలో పెట్టి, పంచె ఎగ్గట్టి, హ్యాండిలు దూర్చి, ఒక్కసారి గిరుక్కున పైకి తిప్పాడు. కారు గురక పెట్టి లేచింది. ఊరేగింపంతా చప్పట్లు కొట్టింది. చిన్నాన్న చిన్నపిల్లాడిలా నవ్వుతూ ఇటు తిరిగాడు. తన చేతిలో ఉన్నదేమిటో, తాను చేసిందేమిటో అప్పుడు అర్థమైంది. ఆ నవ్వు మొహం మీద ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఉంచేశాడు.

నేను మళ్ళీ చక్రం పట్టుకున్నాను. కుడి మలుపు వచ్చింది. నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి ధబీమని గుద్దు. నారింజరంగు చెయ్యి లేచింది. దారిలో తాతయ్య చెప్పిన కారు కబుర్లను మా బావ నిద్రపోకుండా విన్నాడన్నమాట.

హారతి అయ్యాక తాతయ్య నెమ్మదిగా అడిగాడు. "సోమారం లారీవోడికి ఏటి సెప్తావురా?"

"పాత సైకిలొకటుంది, అది ఇస్తాను లా" అన్నాడు చిన్నాన్న.

ఇప్పుడు నాకు మీట నొక్కితే లేచే కారుంది. మోరిస్‌కు కొత్త బ్యాటరీ వేశాను, అయినా ఆదివారం ఆదివారం చిన్నాన్న వచ్చి హ్యాండిలుతోనే లేపుతాడు. అలవాటు పోకూడదంటాడు (కారుకో, తనకో చెప్పడు). అక్క కూతురు నా కారెక్కితే, కుడి మలుపు రాగానే స్తంభాన్ని ఒక్కటి గుద్దుతుంది. ఈ కారుకు అక్కర్లేదమ్మా అని, మలుపు దీపం మీట ఎలా పనిచేస్తుందో చెప్పబోతాను. ఆ పిల్ల ఓపికగా వింటుంది. మళ్ళీ గుద్దుతుంది. బంతిపూల కింద కూర్చుని కోణాలు లెక్కపెట్టిన ఆ స్క్రూడ్రైవరు కుర్రాడు గుర్తొస్తాడు. నవ్వుకుని, గుద్దు పడ్డాకే దీపం వేస్తాను.